సుసన్న రాసిన తొంభై మూడో పేజీ

నిజం చెప్పినోళ్లకు ఎప్పటికన్న మంచే జరుగుతదని చెప్పే పెద్దమనుషులు మస్తుమంది ఉన్నరు. వాళ్లను ఒక్కసారి ఇబ్రహీంపట్నం తోలుకరావాలె. బస్టాండుల దించి, మట్టిరోడ్డు పట్టిచ్చి, తుమ్మలచెరువు కట్ట కింద వాడల సుసన్న ఇంటి ముంగట నిలబెట్టి, ఇగ చెప్పుండ్రి ఆ మాట, అని అడగాలె. నోరు పెగులుతదో లేదో చూద్దాం.

సుసన్న పుట్టింది ఆ వాడలనే. తండ్రి చిన్నప్పుడే పోయిండు. తల్లి స్వరాజ్యం సర్కారు బడి ఊడ్చేది. ఊడ్చుడు అయినంక సైన్సు గదిల గాజు సామాను కడిగేది ఉంటె ఆ పని బిడ్డకు చెప్పేది. పదేండ్ల పిల్ల పీట మీద నిలబడి గొట్టాలు, గ్లాసులు కడిగి, ఎండకు పట్టి చూసి, చిన్న మరక కనపడితె మల్ల మొదటికెల్లి కడిగేది. "గంత కడిగితె అరుగుతయే!" అని తల్లి కసురుకునేది. అది చూసిన సైన్సు సారు ఈ పిల్లను కెమిస్ట్రీ చదివియ్యాలె అన్నడు. అని ఊకోలేదు, ఫీజుల కాడ, ఫారాల కాడ ఎంబడి నిలబడ్డడు. అట్ల వాడల మొట్టమొదటి ఎమ్మెస్సీ సుసన్న అయింది. ఆ ఆదివారం చర్చిల పాస్టరు ఆమె పేరు పెట్టి ప్రార్థన చేసిండు. స్వరాజ్యం కొంగు నోట్ల కుక్కుకుని ఏడ్చింది.

ఆ కాలంల పట్నం పాలపొంగు లెక్క అంచు దాటి ఇటు పొర్లుతున్నది. ఔటర్ రింగు రోడ్డు పడ్డది. బొంగులూరు గేటు కాడ తాటిచెట్టంత బోర్డులు లేచినయ్. మన్నెగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాక రోడ్డు పొడుగునా ప్లాట్ల ఆఫీసులే. ఒక బోర్డు మీద తుమ్మలచెరువు బొమ్మ ఏసి, నీలం నీళ్లు, తెల్ల కొంగలు పెట్టి 'లేక్ వ్యూ' అని రాసిన్రు. ఇక్కడ చెరువు చూస్తె రెండేండ్లాయె వాన మొకం చూడక. రెండువేల పదిహేనుల సగం ఎండింది, పదహారు ఎండకాలానికి మిగిలింది నడుమ ఒక మడుగు, సుట్టూర పగిలిన ఒండ్రు.

చెరువు ఎగువన బ్యాటరీల కంపెనీ ఉండె. లారీల పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరగబెట్టి దిమ్మెలు పోసేటోళ్లు. వాళ్ల గోడ కిందికెల్లి ఒక మోరీ నేరుగ చెరువులకు దిగుతది. అందుల వచ్చేది వాననీళ్లే అని కంపెనీ అనేది. వానే లేని కాలంల వాననీళ్లు ఎక్కడికెల్లి వచ్చినయో ఆ దేవునికే ఎరుక.

సుసన్న ఆ దినాలల్ల ఊరి పక్కన ఇంజనీరింగు కాలేజీల కాంట్రాక్టు మీద పనిచేస్తున్నది. కాలేజీల సీసం, కాడ్మియం అసొంటి లోహాలను అణువంతున్నా పట్టేటి మిషన్ ఒకటి ఉండె. తనిఖీ కమిటీకి చూపెట్టనీకె కొన్నరు, చూపెట్టినంక దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన్రు. హేమచంద్ర సారు అని ఒక ప్రొఫెసరు, గుంటూరు దిక్కు మనిషి, బడంగ్‌పేట్‌ల ఇల్లు కట్టుకున్నడు. ఆయన సర్కారు నుంచి చిన్న ప్రాజెక్టు తెచ్చి ఆ పట్టా తీయించిండు. కరువు కాలంల చెరువు నీళ్లల్ల లోహాలు ఎంత పెరుగుతున్నయో నెలనెలా కొలువాలె. గదే పని.

ఎవరికన్న అది ఉద్యోగం. సుసన్నకు మాత్రం ఇంటి పంచాయితి. అన్న మహేశ్వర్ బిడ్డ మనోజకు అయిదేండ్లు. వాడ బోరు జనవరిల ఎండిపోతె అందరు చెరువు ఒండ్రుల చెలిమలు తీసిన్రు, మోకాలు లోతు గుంత తోడితె ఊరే నీళ్లు, అవే తాగిన్రు. నెల తిరగకముందే పిల్లకు కడుపునొప్పి మొదలాయె. తిండి సయించదు, మొకం సున్నం కొట్టినట్టు తెల్లగైంది, ఆడుకునే పిల్ల గోడకు ఆనుకుని కూసుంటది. దవాఖానల కడుపుల పురుగులని మందు రాసిచ్చిన్రు. సుసన్న చదువుకున్నది గనక ఆమెకు వేరే భయం పట్టుకున్నది. సీసం పిల్లల కడుపుల పడితె ఎట్ల చేస్తదో ఆమె పుస్తకంల చదివింది. ఆ కంపెనీ మోరీ మూపియ్యాలె, పిల్లకు మంచి నీళ్లు తాపాలె. అప్పటిసంది ఆమె కొలిచిందంతా దానికోసమే.

కొలుచుడంటె ఆగమాగం పని కాదు. లీటరు నీళ్లల్ల సీసం పది మైక్రోగ్రాములు దాటొద్దు. పది అంటె ఎంత? ట్యాంకరు నిండ నీళ్లు పోసి నాలుగు ఉప్పు పలుకులు ఏస్తె ఎంతో అంత. అంత చిన్నది పట్టాలంటె మన చెయ్యి, మన చెమట, గాలిల దుమ్ము ఏదీ తగలొద్దు. సుసన్న ప్లాస్టిక్ బాటిళ్లు ఆసిడ్ నీళ్లల్ల దినమంతా నానబెట్టేది, మూడుసార్లు కడిగేది, రెండు కవర్లల్ల చుట్టేది. నీళ్లు పట్టినంక గట్టు మీదనే ఆసిడ్ చుక్కలు ఏసేది, లేకుంటె సీసం బాటిల్ గోడకు అతుక్కుని దాక్కుంటది. ఇంకొక బాటిల్ల శుద్ధమైన నీళ్లు పోసి చెరువు దాక తీస్కపోయి, మూత తీసి మల్ల మూసి తెచ్చేది. దారిల ఏ మురికి కలిసినా ఆ బాటిల్ చెప్పేస్తది. ఇగ నోట్‌బుక్ సంగతి చెప్పనే వద్దు. హేమచంద్ర సారు మొదటి దినమే అన్నడు: "చూసిందల్లా రాయమ్మా. ముందు రాయి, తర్వాత ఆలోచించు. కొట్టెయ్యకు, చింపకు." పేజీలకు నంబర్లు ఏసిన పుస్తకం అది. సుసన్న గట్టు మీద కుక్క నీళ్లు తాగినా రాసేది.

చలికాలంల ఆమెనే నడుము లోతుకు దిగి, చెయ్యి ముంచి నీళ్లు పట్టింది. నవంబరుల నాలుగు, డిసెంబరుల ఆరు, జనవరిల ఏడు. చారు మరిగినకొద్ది ఉప్పు ఎక్కువైనట్టు, చెరువు ఎండినకొద్ది లెక్క పెరుగుతున్నది. ఫిబ్రవరికి నీళ్లు వెనక్కి పోయి, గట్టుకు నీళ్లకు నడుమ తొడ లోతు ఒండ్రు మిగిలింది. ఈత రాని మనిషి దాంట్ల దిగితె ఇగ పైకి రాదు.

అప్పుడు అంజిలయ్య ముంగటికొచ్చిండు. మత్స్య సొసైటీ మనిషి, అరువై దగ్గర పడ్డయ్, చెరువుల పుట్టి చెరువుల పెరిగిన లెక్క. థర్మాకోల్ దిమ్మెలు గోనెపట్టల కుట్టి చేసుకున్న తెప్ప ఆయనది, ఒక్క మనిషినే మోస్తది. ఒండ్రు మీద ఆ తెప్పను జరుపుకుంట పోయి నీళ్లల్ల ఏసుకుంటడు.

"నువ్వు గట్టు మీద నిలబడు బిడ్డా. ఎట్ల పట్టాల్నో చెప్పు, నేను పట్టుకొస్త," అన్నడు.

సుసన్న ఆయనకు బడిపిల్లగానికి నేర్పినట్టు నేర్పింది. "మామా, గ్లౌజులు తొడుక్కోవాలె. బీడీ తాగొద్దు. మూత లోపల ఏలు పెట్టొద్దు. బాటిల్‌ను చెరువు నీళ్లతోని మూడుసార్లు కడిగి పారబొయ్యాలె. మీదిమీది నీళ్లు వద్దు, దుమ్ము తేలుతది. నడుము లోతు నీళ్లు కావాలె."

"నీ కాయితం ముక్కల మీద రాసినట్టే చేస్త, పో," అన్నడు. చేసిండు కూడ. తెప్ప మీద ఉన్నంతసేపు బీడీ ముట్టలేదు, జీవితంల మొదటిసారి. ఆ గ్లౌజులను ఉతికి దండెం మీద ఆరేసుకునేటోడు, ఊరంత నవ్వుతుండె.

ఫిబ్రవరి లెక్క ముప్పై ఒకటి వచ్చింది. జనవరిల ఏడు, ఫిబ్రవరిల ముప్పై ఒకటి! సుసన్న మిషన్ కాడ నిలబడి మల్ల పెట్టింది. మల్ల అంతే. శుద్ధమైన నీళ్ల బాటిల్ సాఫుగున్నది. ఇగ అనుమానమెందుకు? చెరువు ఎండుతున్నది, లెక్క ఎక్కుతున్నది. మార్చిల నలభై నాలుగు, ఏప్రిల్ల యాభై ఎనిమిది. మార్చి లెక్క రాంగనే సారు రిపోర్టు పంపిండు. పైనుంచి కంపెనీకి నోటీసు వచ్చింది. జూనుల విచారణ పెడతమన్నరు. ఆ కాయితం బలం మీద మార్చి ఆఖరుల వాడకు దినం తప్పి దినం ట్యాంకరు సాంక్షన్ అయింది. చెలిమల మీద ముండ్ల కంప ఏసి మూసిన్రు. చెలిమ నీళ్లు వేరేగ కొలువలేదు సుసన్న. చెరువు ఊటే గద, మల్ల ఒక బాటిల్ ఎందుకు దండుగ అనుకున్నది.

ట్యాంకరు నీళ్లు తాగిన నెలన్నరకు మనోజ లేచి ఆడుకున్నది. బువ్వ తిన్నది. స్వరాజ్యం మొక్కని మొక్కు లేదు. వాడ ఆడోళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు కాడ నిలబడి, "మన సుసన్న తెచ్చిన నీళ్లు" అనేటోళ్లు. ఆ మాటకు సుసన్న పైకి సిగ్గుపడేది గని లోపల ఎంత మురిసిపోయిందో ఆమెకే ఎరుక. మనసు కోరిన లెక్కనే మిషన్ చూపెడితె ఎవలు అనుమానపడతరు? మీరైతె పడుదురా? నేనైతె పడకపోదును.

మే నెల మూడో వారం. మడుగు ఇంకింత దగ్గరికి ముడుచుకున్నది. ఒండ్రు ఎండి పెంకు కట్టింది, దాని మీద చెక్కలు పరుచుకుంట సుసన్న మొదటిసారి నీళ్ల అంచు దాక పోగలిగింది. అంజిలయ్య తెప్ప మీద ఇరువై అడుగుల దూరంల ఉన్నడు. గ్లౌజులు తొడుక్కున్నడు. బాటిల్ తీసిండు. ఒళ్లె ఉన్న మూటల నుంచి ఒక తాడు తీసిండు. తాడుకు గుండ్లు, వల అంచుకు కట్టేటి సీసపు గుండ్లు, వరుసగ ఆరు. ఆ తాడును బాటిల్ మెడకు రెండు చుట్లు చుట్టి, ముడేసి, నీళ్లల్లకు దింపిండు.

సుసన్న చెక్క మీదికెల్లి ముంగటికి వంగి చూసింది.

"మామా! గదేంది, బాటిల్ మెడకు?"

"ఏది? గుండ్లు బిడ్డా. ఖాళీ బాటిల్ తేలుతది గద, బరువు లేకుంటె నడుము లోతుకు ఎట్ల పోతది?"

"ఎప్పటిసంది కడుతున్నవ్?"

"మొదటి దినంసంది. ఫికర్ చెయ్యకు, పాతయి కట్టలే. పాతయి గలీజుగుంటయని నీ పనికోసం కొత్తయి పోసిన. పాత బ్యాటరీ పలకలు కరగబెట్టి, ఇసుకల పోసి, మూడుసార్లు కడిగి మరీ కట్టిన." ఆయన మొకం చూస్తె మెప్పు కోసం ఎదురుచూసే పిల్లగాని మొకం.

"మరి నాకు ఎందుకు చెప్పలే మామా!"

"ఏం చెప్పాలె? బువ్వ తినేటప్పుడు చేతితోని తింటున్న అని చెప్తమా?"

గంతే. చెరువు మీద బతికేటోళ్లకు నీళ్లల్లకు పోవాల్సినదేదన్న ఉంటె దానికి గుండ్లు కడతరు. వల అయినా, గాలం అయినా, లోతు కొలిచే తాడు అయినా. అది ఆయనకు ఒక పని అని కూడ తోచలేదు, ఊపిరి తీసినట్టు చేసిండు. సీసం కోసం వెతికే బాటిల్‌కు మూడు నెలలు సీసం మెడల ఏసి ముంచిండు. శుద్ధమైన నీళ్ల బాటిల్ గట్టు మీదనే ఉండె, చెరువుల మునగలే, అందుకే అది ఎప్పుడు సాఫుగ ఉన్నది.

సుసన్న గట్టెక్కి కూసున్నది. నోట్‌బుక్ తీసింది. రాయుడు ఆమెకు అలవాటు, సారు చెప్పినట్టు ముందు రాసింది, తర్వాత ఏడ్చింది. తొంభై మూడో పేజీ. 'ఫిబ్రవరి నుంచి బాటిల్ మెడకు వల గుండ్లు కడుతున్నట్టు ఈ రోజు చూసిన. గుండ్లు సీసం.' తారీఖు, సమయం, సంతకం.

మర్నాడు కాలేజీల ప్లాస్టిక్ డ్రమ్ము నిండ శుభ్రమైన నీళ్లు పోసి, అవే గుండ్లు కట్టి బాటిళ్లు ముంచి కొలిచింది. గుండ్ల నుంచి ఎంత కలుస్తదో తేలితె ఆ లెక్క తీసేసి అసలు చెరువుది ఎంతో చెప్పొచ్చని ఆశ. మొదటి బాటిల్ తొమ్మిది. రెండోది యాభై రెండు. మూడోది ఇరువై మూడు. నాలుగోది నలభై ఏడు. ఒకదానికి ఒకటి పొంతన లేదు. ఏం తీసేస్తవ్, ఎంత తీసేస్తవ్? చెరువుల సీసం ఉన్నదని ఆమె పాణానికి తెలుసు. ఎంతున్నదో మాత్రం ఇగ ఎవ్వలూ చెప్పలేరు.

హేమచంద్ర సారు ఆ పేజీ చదివి పుస్తకం మూసిండు.

"విచారణకి నోట్‌బుక్ జిరాక్స్ రెండు పక్షాలకీ ఇవ్వాలమ్మా. తెలుసుగా?"

"తెలుసు సార్."

"తొంభై రెండు పేజీలు ఇద్దాం. ఈ నెల శాంపిల్ ఇంకా అవ్వలేదు కదా, అంతవరకే ఇచ్చామని చెబుదాం. అబద్ధం కాదది."

"నిజం కూడ కాదు సార్. కొట్టెయ్యకు, చింపకు అన్నది మీరే."

"అన్నానమ్మా. పాఠం చెప్పేటప్పుడు అన్నాను. అవతల మీ వాళ్లు తాగే నీళ్లు. మీ మేనకోడలు. ఆలోచించుకో."

ఇగ జూడుండ్రి మనిషి సంగతి. నేర్పినాయన వద్దంటున్నడు, నేర్చుకున్నామె పట్టుబడుతున్నది. ఆ సాయంత్రం అంజిలయ్య కూడ వాడకొచ్చిండు. సంగతి ఆయనకు అర్థమైంది. గడపల కూసుని తలకాయ కొట్టుకున్నడు.

"నేను రాయి కట్టిన అని చెప్త బిడ్డా. గంగమ్మ మీద ఒట్టేసి చెప్త. నా వల్ల పిల్లల నోటికాడి నీళ్లు పోవద్దు."

"నువ్వు అబద్ధమాడితె నీకు నోరు తిరగదు మామా. వకీలు రెండు ప్రశ్నలు అడిగితె దొరికిపోతవ్. అప్పుడు నిన్ను జైల్ల ఏస్తరు."

"ఏస్తె ఏయనీ."

సుసన్న ఒప్పుకోలేదు. ఆమె లెక్క ఏమిటంటె, ఉన్న తప్పు మనమే ముంగట పెట్టి, ఇది పోయింది, మల్ల కొలువుండ్రి, రేపే కొలువుండ్రి, ఆఫీసరు ముంగట నేనే నీళ్లు పడత అని అడిగితె న్యాయమున్నోడు ఎవడన్న కాదంటడా? తప్పు దాస్తెనే భయం గని ఒప్పుకుంటె భయమేంది? ఎంత చదివినా లోకం చదవలేదు పాపం. తొంభై మూడో పేజీతోని సహా జిరాక్స్ ఇచ్చింది, పైన ఒక అర్జీ పెట్టింది: నీళ్లు ఎండకముందే మల్ల నమూనా తియ్యాలె అని.

జూను మొదటి వారంల మండలాఫీసు హాల్ల విచారణ. ఊరోళ్లు గోడల పొంటి నిలబడ్డరు. కంపెనీ వకీలు నెమ్మదిగ, మర్యాదగ మాట్లాడిండు. గట్టిగ మాట్లాడాల్సిన పనే పడలేదు ఆయనకు.

"ఈ పేజీలో రాసింది మీరేనా మేడం?"

"అవ్, నేనే."

"బాటిల్‌కి కట్టింది సీసం?"

"అవ్. అందుకే మల్ల తియ్యాలని అర్జీ పెట్టిన. చలికాలంల నేను చేత్తోని పట్టినయి మూడున్నయ్, వాటిల కూడ నెలనెలా పెరుగుతున్నది..."

"ఆ మూడూ పదిలోపే కదా మేడం? అంటే మీరు సరిగ్గా తీసిన ప్రతిసారీ నీళ్లు బాగున్నాయి." వకీలు చేతులు జోడించిండు. "మీ నిజాయితీకి మా కంపెనీ తరఫున థ్యాంక్స్."

హాల్ల ఎవడో కిసుక్కున నవ్విండు. అంజిలయ్య లేచి, "సారూ, మోరీ చూడుండ్రి, మోరీ కాడికి రాండ్రి, కండ్లతోని చూడుండ్రి," అని అరిచిండు. కూసోమన్నరు. కూసున్నడు. సుసన్న అర్జీకి ఆఫీసరు ఒక్క మాట చెప్పిండు: చెరువుల నీళ్లే లేవు, వానలు పడ్డంక చూద్దాం. వారం తిరగకముందే కంపెనీ నోటీసు రద్దయింది. రిపోర్టు చెల్లదు గనక నీళ్లల్ల విషమున్నట్టు రుజువు లేదు, రుజువు లేదు గనక ట్యాంకరు అవసరం లేదు. ట్యాంకరు బందయింది.

ఆడోళ్లు ముండ్ల కంప లాగి అవతల పారేసి మల్ల చెలిమలల్ల చెంబులు ముంచిన్రు. 'మన సుసన్న' అన్న నోర్లే తిట్టినయ్. "సప్పుడు జేయక ఊకుంటె ఏం పోయేది? నీ సదువు మా నోట్ల మన్ను కొట్టింది గదనే!" సుసన్న చెలిమ నీళ్లు తాగొద్దని ఇల్లిల్లు తిరిగి చెప్పింది. "మరి ఏం తాగాలె, నీ నోట్‌బుక్ పిండుకుని తాగాల్నా?" అన్నదొక ముసలమ్మ.

నీళ్లు పోయినా ఒండ్రు ఉన్నది గద, సీసం ఒండ్రుల దిగి కూసుంటది, దాన్ని కొలుస్త అనుకున్నది సుసన్న. కాలేజీకి పోతె ప్రాజెక్టు ముగిసిందన్నరు, ఆమె కాంట్రాక్టు కూడ ముగిసిందన్నరు. మిషన్ మీద మల్ల పట్టా కప్పిన్రు. హేమచంద్ర సారు కారిడార్ల ఎదురైతె గోడ దిక్కు చూసుకుంట పోయిండు. ఆ నెలాఖరుకు జేసీబీలు దిగి ఒండ్రు మొత్తం గీకి, బొంగులూరు వెంచర్లల్ల తోటలకని టిప్పర్లల్ల పోసుకపోయినయ్. అండ్ల ఒక టిప్పరు తోలింది మహేశ్వరే.

"అన్నా, అది విషపు మన్ను. రేపు ఆ ఇండ్లల్ల పిల్లలు ఆడుకుంటరు," అన్నది సుసన్న.

"రుజువున్నదా చెల్లే?" అన్నడు మహేశ్వర్. ఎక్కిరియ్యనీకె అన్లే, నిజంగనే అడిగిండు. ఆమె తల అడ్డంగ ఊపింది. ఆయన తాళంచెవి తీసుకుని పోయిండు. ఇంట్ల పొయ్యి ఎలగాలె గద.

జులై, ఆగస్టు ఎండనే కాసింది. వాడోళ్లు గీకిన చెరువు అడుగునే మల్ల చెలిమలు తోడి తాగిన్రు. మనోజకు కడుపునొప్పి మల్ల మొదలాయె. ఈసారి చేతులల్ల పట్టు కూడ తగ్గింది, గిలాస పట్టుకుంటె జారిపోతుండె. అంగన్‌వాడీల నేర్చుకున్న అక్షరాలు మరిచిపోయింది. సెప్టెంబరుల వాన దంచికొట్టింది, మూడు దినాలల్ల చెరువు అలుగు దాక నిండింది. అప్పుడు ఆఫీసోళ్లు జీపుల వచ్చి, గొడుగులు పట్టుకుని, కొత్త నీళ్లు పట్టుకపోయిన్రు. లెక్క మూడు. మరిగిన చారుల కుండెడు నీళ్లు పోసి రుచి చూసి, ఉప్పే లేదన్నరన్నట్టు.

సుసన్న అప్పు చేసి మనోజను పట్నం దవాఖానకు తీస్కపోయి నెత్తురు పరీక్ష చేయించింది. చిన్న గొట్టంల పిల్ల నెత్తురు పడుతుంటె, మూత ఎట్ల తీస్తున్నరు, సూది ఎట్ల పెడుతున్నరు అని కండ్లార్పకుండ చూసింది. అంత సాఫుగ చేసిన్రు, పేరు పెట్టనీకె లేదు. రిపోర్టు వచ్చింది. పిల్లల నెత్తురుల సీసం అయిదు దాటితెనే ఫికర్ చెయ్యాలె. మనోజకు నలభై ఒకటి.

డాక్టరు వెంటనే అడ్మిట్ చెయ్యమన్నడు. పిల్లను స్వరాజ్యం దగ్గర బెడ్డు మీద పండబెట్టి, సుసన్న ఆ కాయితం పట్టుకుని కాలుష్యం చూసేటి ఆఫీసుకు ఉరికింది. కిటికీల కూసున్న క్లర్కు కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఫైలు తీసి తుమ్మలచెరువు రిపోర్టు చూపెట్టిండు.

"చెరువు బాగున్నదమ్మా. మూడే ఉన్నది, చూడు. మీది నెత్తురు రిపోర్టు. నెత్తురు మా కిందికి రాదు. మేం నీళ్లే తీసుకుంటం."

"ఆ నీళ్లల్లదే సార్ ఈ సీసం. చెరువులకెల్లి పిల్ల ఒంట్లెకు వచ్చింది."

"అది నువ్వంటున్నవ్."

"నీళ్లల్ల ఉన్నప్పుడు రుజువు లేదంటిరి. పిల్ల ఒంట్ల రుజువు దొరికితె మాది కాదంటున్రు. మరి మా పిల్ల చచ్చిపోయి, ఆ బొందల మీద వాన పడి, ఆ నీళ్లు మల్ల చెరువుల కలిస్తె అప్పుడన్న మీ కిందికి వస్తదా?"

క్లర్కు కాయితం మడిచి కిటికీల నుంచి ఇవతలికి జరిపిండు. వెనక వరుసల ఉన్నాయన, "జర జరుగమ్మా, మాకు కూడ పనులున్నయ్," అన్నడు. సుసన్న జరిగింది.